మేనేజరుగారి నేస్తం

మా మిల్లు గేటుకి ఎదురుగా, మురుగు కాలవ మీద ఒక కల్వర్టు ఉండేది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ దాని మీద నిలబడి మాట్లాడే హక్కు మా నాన్నదే అన్నట్టుండేది. ఆయన యూనియన్ నాయకుడేం కాదు. జెండాలవాళ్లు వచ్చేవారు, పోయేవారు, వాళ్ల మైకులు వాళ్లవి. నాన్న మగ్గాల సెక్షన్లో పనిచేసే మామూలు మనిషి. కానీ గేటు దగ్గర ఏదైనా తేడా వచ్చిందంటే జనం ఆయన కోసమే వెతుక్కునేవారు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. నాన్న కల్వర్టు ఎక్కాడంటే ఆఫీసులో కిటికీలు మూసేసేవారు. మూసినా వినబడేది, అది వేరే సంగతి.

గోగునారతో, జనపనారతో గోనెసంచులు నేసే మిల్లు అది. మా విజయనగరం వైపు అలాంటివి చాలా ఉండేవి. రెండువేల పది దాటేసరికి ఒక్కోదానికీ తాళం పడుతూ వచ్చింది. మాది ఇంకా నడుస్తోంది. డిగ్రీ అయ్యాక నేను ఆ మిల్లు ఆఫీసులోనే కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. పర్సనల్ డిపార్టుమెంటు అనే బోర్డు పీకేసి హెచ్ఆర్ అని కొత్త బోర్డు తగిలించిన రోజులవి. బోర్డు మారింది గానీ కుర్చీలూ, కుర్చీల్లో నల్లులూ అవే.

మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, అదే మిల్లులో సంచులు కుట్టే సెక్షన్లో బదిలీగా చేసేది. పర్మనెంటు మనిషి పనికి రాని రోజున ఆ మనిషి బదులు పనిలోకి దిగేవాళ్లని బదిలీలంటారు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని, మిల్లు కూత వెయ్యకముందే గేటు దగ్గర నిలబడాలి. లోపల ఎవరైనా నాగా పెడితే వీళ్లలో ఒకరి పేరు పిలుస్తారు. పిలవకపోతే ఆ క్యారేజీ అన్నం ఇంటికి తీసుకుపోయి తినాలి. అత్త నా చిన్నప్పటి నుంచీ అలా నిలబడుతూనే ఉంది. మావయ్య సాలూరు లారీల మీద తిరిగేవాడు. ఇంటికి వచ్చింది తక్కువ, ఇంట్లో ఇచ్చింది ఇంకా తక్కువ. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ గేటు దగ్గర నిలబడే పెంచింది అత్త.

అంతవరకూ వచ్చిన మేనేజర్లు కార్లో లోపలికొచ్చి కార్లోనే బయటికి పోయేవారు. వాళ్ల మొహాలు మావాళ్లకి తెలిసేవి కావు, నోటీసుల కింద సంతకాలు తెలిసేవి. నేను చేరిన ఏడు వచ్చిన కొత్త మేనేజరు మాత్రం చేరిన మర్నాడే కారు రోడ్డు మీద ఆపేసి గేట్లోంచి నడిచి వచ్చాడు. నార ధూళికి తెల్లచొక్కా రంగు మారిపోయేదాకా సెక్షన్లన్నీ తిరిగాడు. నెల తిరక్కుండా అందరి పేర్లూ పట్టేశాడు. ఒకాయన్ని మోకాలినొప్పి తగ్గిందా అని అడిగేవాడు, ఇంకొకావిణ్ని పిల్ల ఇంటర్లో పాసయిందా అని అడిగేవాడు. మగ్గాల దగ్గర మంచినీళ్ల కుళాయి పెట్టించాడు. ఆ కుళాయి కోసం నాన్న కల్వర్టు మీద ఎన్నిసార్లు గొంతు చించుకున్నాడో లెక్కలేదు. ఈయన అడక్కుండానే వేయించేశాడు. క్యాంటీన్లో పళ్లెం పట్టుకుని అందరితో పాటు వరసలో నిలబడేవాడు.

"నాటకం బాగానే ఆడతన్నాడు. సూద్దాం ఎన్నాల్లో," అనేది అత్త.

ఎండలు పోయి వానలొచ్చినా ఆయన వరసలోనే నిలబడ్డాడు. అత్త కూడా ఆ మాట మానేసింది.

ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటే. "చేతులొక్కటే మిల్లుకొస్తే లాభం లేదమ్మా, మనసు కూడా రావాలి. దాన్ని రప్పించడమే నా ఉద్యోగం," అనేవాడు. తర్వాత ఏం జరిగిందన్నది పక్కన పెడితే, ఆ రోజుల్లో ఆయనంటే నాకు ఎంతో ఇష్టం. ఆఫీసుకి హుషారుగా వెళ్లేదాన్ని. నాలాంటి కంప్యూటర్ ఆపరేటర్ని కూడా కూర్చోబెట్టి నువ్వేమంటావమ్మా అని అడిగిన అధికారి ఆయనకి ముందూ లేడు, తర్వాతా లేడు.

ఒకసారి అమ్మ నేస్తం చనిపోయిందని సెలవు అడిగాను. అమ్మ కన్నవారి ఊరు పాతపట్నం దగ్గర, అమ్మని తీసుకుని వెళ్లాలి. "ఫ్రెండు కోసం ఇంటిల్లిపాదీ వెళ్తారా?" అని ఆశ్చర్యపోయాడు సార్. అప్పుడు చెప్పాల్సొచ్చింది, మా వైపు నేస్తం అంటే ఉత్త స్నేహం కాదని. ఇద్దరికి మనసు కలిస్తే పెద్దల ఎదట కొత్తబట్టలు మార్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టి నేస్తం కట్టుకుంటారు. ఆనాటి నుంచి పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. పెళ్లికీ చావుకీ బట్టలు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, నేస్తాన్ని పల్లెత్తు మాట అనకూడదు. నేస్తం నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. అమ్మ నేస్తం వాళ్ల గేదె ఒకసారి మా తాతగారి చేను సగం మేసేస్తే, అమ్మ దాన్ని అదిలించకుండా, కుడితి పెట్టి మరీ ఇంటికి తోలిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

సార్ నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, "ఎంత గొప్ప పద్ధతమ్మా," అన్నాడు.

వినాయకచవితి వెళ్లాక ఒక ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. నాన్న బనీను మీద ఉన్నాడు. కంగారుగా తువ్వాలు భుజాన వేసుకుని నులకమంచం వాల్చాడు. సార్ మంచం మీద కూర్చోకుండా నాన్నతో పాటు అరుగు మీద కూర్చుని, "నాతో నేస్తం కడతారా?" అని అడిగాడు.

"మీరు సదువుకున్నోరు, ఆఫీసరు. మీరేటి, నానేటి బాబూ?" అన్నాడు నాన్న.

తలుపు చాటు నుంచి అమ్మ అందుకుంది. "నేస్తానికి ఎక్కువేటి, తక్కువేటి? అంతటాయన ఇంటికొచ్చి నోరిడిసి అడిగితే కాదంతావేటి?"

విశ్వకర్మ పూజనాడు మగ్గాలు ఆపి, కడిగి, బంతిపూలు కట్టి, ఆ మగ్గాల మధ్యనే నేస్తం కట్టారు. ఆయన నాన్నకి పంచెల చాపు పెట్టాడు. మేనేజరుకి ఏం బట్టలు పెట్టాలో తెలియక మేం ఇంట్లో కొట్టుకు చచ్చాం. అమ్మ ప్యాంటుగుడ్డ అంది, నేను చొక్కా అన్నాను, నాన్న మాత్రం పంచెకి పంచే అన్నాడు. సార్ ఆ పంచె కట్టుకునే మర్నాడు ఆఫీసుకి వచ్చాడు. కట్టుకోవడం రాక నడుముకి బెల్టు పెట్టుకున్నాడు. మిల్లంతా చూసి మురిసిపోయింది. నాన్న ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం. పెళ్లినాడు కూడా ఇంత సంబరపడలేదని అమ్మ ఎత్తిపొడిచింది.

అక్కడి నుంచి మిల్లు తీరే మారిపోయింది. మాటా మాటా వస్తే నాన్న సర్దేసేవాడు. జనం మిల్లుని తమదే అనుకోవడం మొదలుపెట్టారు. ముఖ్యంగా నాగాలు పెట్టడం మానేశారు. సార్ మనసు కష్టపెట్టుకుంటాడని జ్వరం వచ్చినా మాత్ర మింగి వచ్చేవారు. ఏటా ఊళ్లో అమ్మవారి పండగకి సగం మిల్లు ఆగిపోయేది, ఆ ఏడు అదీ ఆగలేదు. హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ ఫోన్లొచ్చాయి. క్యాంటీన్లో అందరికీ లడ్డూలు పంచారు. గేటు బయట నిలబడ్డ బదిలీలకి కూడా పట్టుకెళ్లి ఇచ్చారు.

వాళ్లకి ఆ లడ్డూలే మిగిలాయి. లోపల ఎవరూ నాగా పెట్టకపోతే బయట ఎవరి పేరూ పిలవరు కదా. అత్త క్యారేజీ పట్టుకుని వచ్చేది, కూత వేశాక కాసేపు నిలబడేది, వెళ్లిపోయేది.

"ఏటి అన్నియ్యా, నీ నేస్తం వచ్చినకాడ నుంచి ఎవలికీ జొరాలే రాకుండా పోనాయి," అని మొదట్లో వేళాకోళం చేసేది. అందరం నవ్వేవాళ్లం. వేసవి వచ్చేసరికి ఆ మాట అనడం మానేసింది. అనకపోవడం చూసి నాకు భయం వేసింది.

అప్పుడొచ్చింది నిర్ణయం. హాజరు ఇంత బాగున్నప్పుడు బదిలీలెందుకు, పేర్లు తీసేద్దాం, ఎప్పుడైనా మనిషి కావాలంటే కాంట్రాక్టరు తెస్తాడు అని హెడ్డాఫీసు చెప్పింది. తీసేయాల్సిన పేర్లు కంప్యూటర్లో కొట్టింది నేనే. అత్త పేరు దగ్గర నా చెయ్యి ఆగింది. ఆగి ఏం చేస్తుంది, మళ్లీ కొట్టింది. కొట్టనంటే నన్ను పంపేసి ఇంకొకరి చేత కొట్టిస్తారు, అంతే.

బదిలీలందరూ ఆ రాత్రి మా ఇంటికి వచ్చారు. సోమవారం పొద్దున్న గేటు దగ్గర నాన్న మాట్లాడాలి. నాన్న మాట్లాడితే లోపలివాళ్లు పని ఆపి బయటికొస్తారు, ఆపితే ఏదో ఒక దారి దొరుకుతుంది. ఇదివరకు రెండు మూడుసార్లు అలా దొరికింది కూడా. వాళ్ల ఆశంతా ఆ కల్వర్టు మీదే ఉంది. "నువ్వు నోరిప్పు అన్నియ్యా. మరేటీ అక్కర్లేదు," అంది అత్త. నాన్న సరే అన్నాడు. గట్టిగానే అన్నాడు, నేను విన్నాను.

ఆదివారం మధ్యాహ్నం సార్ వచ్చాడు.

ఎప్పట్లాగే అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ అన్నం పెడితే కాదనకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక నాన్న వైపు చూసి, "నేస్తం, ఒక్కటి అడుగుతాను," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నటన కాదనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. "ఈ నిర్ణయం నాది కాదు. నేను ఎంత చెప్పినా వినలేదు. రేపు మీరు గేటు దగ్గర మాట్లాడితే పని ఆగిపోతుంది. ఆగితే ఈసారి మిల్లుకే తాళం వేస్తామంటున్నారు. అప్పుడు అందరూ పోతారు. ఈ ఒక్కసారికి మాట్లాడకండి. నా కోసం."

నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒప్పుకోవద్దు నాన్నా అని అరవాలనిపించింది. కానీ ఆయన నా పై అధికారి, పైగా మా ఇంట్లో అన్నం తిని కూర్చున్న నాన్న నేస్తం. తాళం మాట నిజమా, బెదిరింపా? నాకు తెలీదు, ఆయనకైనా తెలుసో లేదో. నాన్న నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గేదెకి కుడితి పెట్టిన మనిషి, ఆవిడ మాత్రం ఏం చెప్తుంది.

నాన్న ఔననలేదు, కాదనలేదు. సార్‌ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చి, ఆ పూటంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసు మేడ మీద కిటికీ దగ్గర నేనున్నాను. నా పక్కనే సార్ వచ్చి నిలబడ్డాడు. గేటు బయట జనం. ముందు వరసలో అత్త, చేతిలో క్యారేజీ. పేరు ఉండదని తెలిసీ అన్నం ఎందుకు వండుకొచ్చిందో. నాన్న కల్వర్టు ఎక్కాడు. అందరూ ఊరుకున్నారు. సార్ కిటికీ మూయలేదు. నాన్న తలెత్తి మేడ వైపు ఒక్కసారి చూసి, మళ్లీ తల దించుకుని ఏదో అన్నాడు.

"ఇనబడలేదు మావా! గట్టిగా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నా జన్మలో మా నాన్నని ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి. నాన్న మళ్లీ నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గానీ మాట నాకూ వినబడలేదు. ఇంటికెళ్లిపోండి అన్నాడని ముందు వరసలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. ఆయన కల్వర్టు దిగి, జనం మధ్య నుంచే గేటు లోపలికి నడిచి వెళ్లిపోయాడు. కూత వేశారు. లోపల మగ్గాలు మామూలుగా ఆడాయి.

"మీ నాన్నగారు చాలా గొప్ప మనిషి," అన్నాడు సార్ మెల్లగా. నాకు ఒళ్లు మండిపోయింది. సార్, మీరు ఆయన్ని ఏం చేశారో తెలుసా అని అడగాలనిపించింది. "ఔను సార్," అన్నాను. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

అత్త కొన్నాళ్లకి తీరం వైపు రొయ్యల షెడ్డులో పనికి కుదిరి పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు మా గుమ్మం ఎక్కలేదు. బస్టాండులో నేను కనబడితే, "నీ తప్పేటున్నాది కోడలా. మీ నానకి నేనంటే ఒంట్లో రగతం, ఆయనంటే నోట్లో బెల్లం. బెల్లమే నెగ్గినాది," అంది. అని నా తల నిమిరింది. తిట్టినా బాగుండేది.

తర్వాత ఏడాదికి సార్‌కి ప్రమోషన్ వచ్చి బదిలీ అయింది. వీడ్కోలు సభలో నాన్నని కావలించుకుని ఏడ్చాడు. కొన్నాళ్లు ఫోన్లు చేశాడు, తర్వాత తగ్గాయి, తర్వాత లేవు. నాన్నేమీ అనలేదు. నేస్తాన్ని ఏమీ అనకూడదు కదా. మిల్లులో కూడా ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. గేటు దగ్గర ఏదైనా గొడవైతే ఆయన కోసం చూడడం మానేశారు, అంతే. కల్వర్టు చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. సార్ వెళ్లే రోజుల్లోనే స్పిన్నింగు సెక్షన్లో ఒకతను, పేర్లు తీసేసిన బదిలీల్లో తమ్ముడు ఉన్నవాడు, అప్పుడప్పుడూ దాని మీద నిలబడి మాట్లాడడం మొదలుపెట్టాడు. కాంట్రాక్టరు తెచ్చిన మనుషులకి కూడా పని నిలకడగా ఉండాలని అడిగేవాడు. గొంతు ఇంకా కుదరలేదు గానీ వినబడేది.

సార్ కుర్చీలోకి కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, గబగబా మాట్లాడతాడు. వచ్చిన వారంలోనే నన్ను పిలిచాడు.

"ఇక్కడ నేస్తం అని ఏదో కస్టమ్ ఉందటగా? పాత సార్ ఛార్జి అప్పగిస్తూ మొదట చెప్పింది అదే. వర్కర్స్‌తో రిలేషన్‌కి చాలా బాగా పనిచేస్తుందన్నారు. నేనూ ఒకరితో కట్టుకుంటాను. స్పిన్నింగులో ఒకతను గేటు దగ్గర మాట్లాడుతున్నాడటగా, అతను సరిపోతాడు. బట్టలూ అవీ నువ్వే చూసి తెప్పించు."

చాలా బాగా పనిచేస్తుంది! ఆ మాట పాత సార్ నిజంగా అన్నాడా, ఈయనే తన భాషలోకి మార్చుకున్నాడా, నేను ఎవర్ని అడగను? ఆ కన్నీళ్లు, ఆ పంచె మీద బెల్టు, అవన్నీ ఏమనుకోవాలి? సాయంత్రం ఇంటికి వచ్చి, క్యారేజీ సంచి విసిరికొట్టి, ఉన్నదున్నట్టు నాన్న మొహాన చెప్పేశాను. ఇప్పటికైనా తెలిసిందా నీ నేస్తం ఎలాంటివాడో అని కూడా అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

నాన్న అరుగు మీద కూర్చుని వింటున్నాడు. నాకు తెలీదనుకున్నావేటే అన్నట్టు నా వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆ గుంటడు ఇప్పుడిప్పుడే నోరిప్పుతన్నాడే అమ్మా. ఈయన నేస్తం కడితే ఆడి నోరూ పోతాది. నా నోరెలాగూ పోనాది కదా. నాతోనే కట్టమని సెప్పు."

మర్నాడు ఆ మాట కొత్త సార్‌కి చెప్పాను. "మీ నాన్నగారైతే ఇంకా మంచిది. సీనియరు, పైగా ఆయనకి అలవాటేగా," అని సంతోషపడ్డాడు.

మధ్యాహ్నం బజారుకి వెళ్లి పంచెల చాపు కొన్నాను. ఏ అంచుది ఇమ్మంటారమ్మా అని కొట్టతను వరసగా పరిచి చూపించాడు. ఏదో ఒకటి ఇచ్చెయ్యమన్నాను.